రక్తం మాస్టారికి, చెకింగ్ టేబుల్ నుంచి

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరుగారికి, ఆయన పక్కన ఇబ్బందిగా కూర్చుని "తొందరగా ముగించండమ్మా" అన్నట్టు నా వైపే చూస్తున్న మన మాస్టారికి, ముందు వరుసలో ఉన్న మాస్టారి భార్యకు (వదినగారూ, ఆయన ఇంట్లో చెప్పని సంగతులు ఇవాళ చాలా బయటికి వస్తాయి, సిద్ధంగా ఉండండి), సౌండ్ సెక్షన్ పెద్దలకు, గోడవారగా నిలబడ్డ ప్రొజెక్షన్ మిత్రులకు, శనివారం మ్యాట్నీలకు ఎండనీ వాననీ లెక్కచేయకుండా వచ్చే మన ప్రేక్షకులకు, అందరికీ నమస్కారం.

మాస్టారి రిటైర్మెంటు సభలో మాట్లాడమన్నారు గానీ, నాకు ఉపన్యాసాలివ్వడం అలవాటు లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఆఫీసులో నా పని ఇతరులు రాసినవాటిలో తప్పులు పట్టడం. అందుకని ఈ పూట నేను తప్పు మాట్లాడితే పట్టుకునే హక్కు మాస్టారికి ఇచ్చేశాను. చూడండి, అప్పుడే జేబులో పెన్సిలు తడుముకుంటున్నారు. (నవ్వులు)

బంధువులుగా వచ్చినవాళ్ళలో కొందరికి మా పని తెలియకపోవచ్చు. పరాయి దేశాల సినిమాలు మా దగ్గరికి వస్తాయి. వాటిలోని మాటల్ని మన భాషలోకి మార్చి, బొమ్మ కింద రెండు వరుసల్లో అచ్చు వేయించి, శనివారాలు మన హాల్లోనే ఆడిస్తాం. అందరూ ప్రేమకథలు, కుటుంబకథలు కావాలని పోటీ పడతారు. ఒక్క టేబుల్‌కి మాత్రం ఎప్పుడూ పోటీ ఉండదు. జపాను, కొరియా, హాంకాంగ్, థాయ్‌లాండ్, ఇండొనేసియా దేశాల నుంచి వచ్చే హింసా చిత్రాలు ఆ టేబుల్ మీదికి చేరతాయి. ఊరందరూ చూసేవి కావవి. చూసే కొద్దిమందీ మాత్రం పిచ్చిగా చూస్తారు, ఒక్కోటి పదేసిసార్లు చూస్తారు, కత్తి పట్టుకునే తీరు మీద గంటసేపు వాదించుకుంటారు. ఇరవై ఏడేళ్ళు ఆ టేబుల్ దగ్గర కూర్చున్నవారు మన రక్తం మాస్టారు.

నేను చేరిన మొదటిరోజు "నువ్వు రక్తం మాస్టారి సినిమాలు చెక్ చెయ్యాలి" అన్నారు. ఆ పేరు విని బుర్రమీసాలు, ఎర్రకళ్ళు, బల్ల మీద గుద్ది మాట్లాడే మనిషినెవరినో ఊహించుకుని భయపడుతూ గదిలోకి వెళ్ళాను. లోపల ఒక సన్నటి మనిషి, స్వెట్టరు గుండీలు మెడ దాకా పెట్టుకుని, ఒక కాగితం మీద సాలీడుని ఎక్కించుకుని కిటికీ దగ్గరికి తీసుకెళుతున్నారు. "క్షమించు, క్షమించు, ఇదిగో వచ్చేశాం" అని దానికి సర్దిచెబుతున్నారు. రక్తం మాస్టారు ఎక్కడున్నారండీ అని ఆయన్నే అడిగాను. "నేనేనమ్మా, ఒక్క నిమిషం, దీన్ని దింపి వస్తాను" అన్నారు.

ఆఫీసులో వైద్యశిబిరం పెట్టినప్పటి సంగతి సౌండ్ సెక్షన్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రక్తపరీక్ష అన్నారు. సూది దాకా పోలేదండీ, నర్సు మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టిందో లేదో, మాస్టారు కుర్చీలోంచి మెత్తగా కిందికి జారిపోయారు. అంతకు ఓ గంట ముందు ఆయన రాసి నాకు పంపిన కాగితం మీద ఉన్న వాక్యం: "మీ ముగ్గురిలో ఎవరి తల ముందు?" (నవ్వులు)

ఒకసారి వీళ్ళ వీధిలోని డాక్టరుగారికి ఫోన్ చేసి, ఈయన గొంతు మీకు తెలుసుగా, అదే గొంతుతో, "డాక్టరుగారూ, మనిషి చెయ్యి తెగిపడ్డాక ఎంతసేపు మాట్లాడగలడండీ?" అని అడిగారు. ఆయన అవతల ఫోన్ పడేసి, సంచీ పట్టుకుని, చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారట. నిజమేనా వదినగారూ? తలూపుతున్నారు. బస్సులో కూర్చుని "తల నరికేస్తాను… తల తీసేస్తాను… తీసేస్తాను అంటే ఒక అక్షరం కలిసొస్తుంది" అని గొణుక్కుంటుంటే, పక్క సీటాయన తన స్టాపు రాకుండానే దిగిపోయారట. పాపం, ఆయన ఎంత దూరం నడిచారో.

ఇంతటి పిరికి మనిషి దగ్గర దేశదేశాల చావుల గురించి ఎంత విజ్ఞానం ఉందో చెప్పలేను. "జపానువాడు చచ్చేముందు ఒక్క ముక్కే అంటాడమ్మా, అది మనకి తేలిక. కొరియావాడు ఏడుస్తూ తిడతాడు, అక్కడ చచ్చేది మనం. హాంకాంగ్‌వాడు దేవుడు. పదిహేను తూటాలు తగిలాక కూడా స్నేహం గురించి మూడు నిమిషాలు మాట్లాడతాడు, ప్రేక్షకుడికి చదువుకోవడానికి బోలెడంత టైము" అని పాఠం చెప్పేవారు. నేను వినేదాన్ని, పని చేసేదాన్ని, ఇంటికి వెళ్ళి స్నానం చేసేదాన్ని. ఆ సినిమాలంటే నాకు అసహ్యం. ఈ మాట ఆయనకి మొదటి వారంలోనే చెప్పాను. "మంచిదమ్మా, అసహ్యం ఉన్నవాళ్ళకే తప్పులు బాగా కనపడతాయి" అన్నారు.

ఇక్కడి నుంచి కొంచెం నెమ్మదిగా చెబుతాను. పదకొండేళ్ళ కిందట, పట్టపగలు, బజారువీధిలో, స్కూటరు అడ్డంగా పెట్టావన్న చిన్న గొడవకి నలుగురు ముక్కూమొహం తెలియనివాళ్ళు మా తమ్ముణ్ణి కొట్టారు. వాడు స్కూల్లో సైన్సు మాస్టారు. ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడి ఎరగడు. వాడి ఎడమకన్ను పోయింది. ఆ నలుగురూ ఎవరో ఈరోజుకీ తెలియదు. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి వాడు మందుల మత్తులో ఒకే మాట పదే పదే అంటున్నాడు: "నా కళ్ళజోడు. నా కళ్ళజోడు ఏదీ." నేను వాడి చెయ్యి పట్టుకుని "ఏం కాలేదు లేరా, ఏం కాలేదు" అన్నాను. ఇంటికి తెచ్చాక కూడా అందరం అదే మాట అన్నాం. క్రమంగా ఆ సంగతే ఎత్తడం మానేశాం. వాడూ ఎత్తలేదు. తేరుకున్నాడనుకున్నాను.

ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తెర మీద ఎవరినైనా కొట్టే చప్పుడు వింటే మాత్రం సౌండు తగ్గించేసేదాన్ని. మూడేళ్ళు అలాగే లాగాను. ఇంక నావల్ల కాక, ఎనిమిదేళ్ళ కిందట, ఈ విభాగాన్ని మూసేయాలని డైరెక్టరుగారికి నాలుగు పేజీల అర్జీ పెట్టుకున్నాను. మనుషులు మనుషుల్ని చీల్చుకోవడం చూసి ఆనందించేవాళ్ళకి మనం మాటలు రాసిపెట్టడం ఏమిటి, వాళ్ళకేం జబ్బు, వాళ్ళని మేపుతున్న మనకేం జబ్బు అని రాశాను. మాస్టారికి తెలియకుండా పెట్టాను. ఆ సిగ్గు నాకింకా ఉంది.

తెలియకుండా ఎలా ఉంటుంది! డైరెక్టరుగారు నకలు ఆయనకే పంపారు. రెండ్రోజుల తర్వాత ఆ నకలు నా టేబుల్ మీదికి వచ్చింది. నాలుగు అచ్చుతప్పులు పెన్సిలుతో దిద్ది ఉన్నాయి. రెండో పేజీ అంచున చిన్న అక్షరాలతో, "క్రూరత్వం అని మూడుసార్లు వచ్చింది, ఒకచోట కర్కశత్వం అంటే బావుంటుందేమో చూడండి" అని రాసి ఉంది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. తన ఉద్యోగం పోగొట్టడానికి రాసిన కాగితాన్ని కూడా దిద్దిపెట్టే మనిషితో ఎలా పోట్లాడతారు చెప్పండి?

విచారణ గురువారం అన్నారు. మంగళవారం మధ్యాహ్నం ఒక కొరియా సినిమా నా చెకింగ్‌కి వచ్చింది. అందులో ఒక గుమాస్తాని రేవులో కొందరు కొడతారు. చాలాసేపు కొడతారు. నేను తల దించుకుని కాగితం మాత్రమే చూస్తున్నాను. అతను నేల మీద పడి ఏదో గొణుగుతాడు, వినపడదు. మూలం కాగితంలో కూడా "గొణుగుడు" అనే ఉంది, మాట లేదు. మాస్టారు మాత్రం అక్కడ ఒక వరుస రాశారు.

"నా కళ్ళజోడు… నా కళ్ళజోడు ఏదీ."

క్షమించండి. మంచినీళ్ళు… థాంక్స్.

నేను ఆ కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. నా గొంతు ఎంత లేచిందో పక్కగది వాళ్ళు చెప్పాలి.

"ఇది మూలంలో లేదు. ఎక్కడి నుంచి తెచ్చారు? ఎవరు చెప్పారు మీకు?"

ఆయన కంగారుపడి లేచి నిలబడ్డారు. "పోయిన నెల ఆడించిన సినిమాలో ఇలాంటిచోట వేరేలా రాశానమ్మా. వద్దు, ఆపండి, అని రాశాను. ప్రేక్షకుడొకాయన ఉత్తరం రాశాడు. కొట్టించుకునేవాడు అలా అనడు, వాడికి వాక్యాలు రావు, ఏదో ఒక చిన్న వస్తువు కోసం వెతుక్కుంటాడు అని. తనని కొట్టినప్పుడు తనేమన్నాడో కూడా రాశాడు. ఈసారి నేను అదే రాశాను."

శనివారం ఆటల తర్వాత ఉత్తరాలు వేసే పెట్టె మీకందరికీ తెలుసు. ఆయన సొరుగు తీశారు. ఒకే చేతిరాతతో పద్దెనిమిది ఉత్తరాలు. పేరు లేదు. కింద "మూడో వరుస, ఎడమ చివరి కుర్చీ" అని ఉంది. ఎడమ చివర ఎందుకంటే, ఎడమకన్ను లేని మనిషి అక్కడ కూర్చుంటే తెరంతా కుడికన్ను వైపు ఉంటుంది. ఆ చేతిరాత నేనే నేర్పింది. వాడికి ఐదేళ్ళప్పుడు, పలక మీద, నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని.

మాస్టారికి అప్పుడే, అక్కడే, అంతా చెప్పేశాను. ఏడుస్తూ చెప్పానో అరుస్తూ చెప్పానో గుర్తులేదు. ఆయన అంతా విన్నారు. ఓదార్చలేదు. చాలా మెల్లగా అడిగారు.

"ఆ వరుస తీసేద్దామా అమ్మా?"

కాగితం మీది ఆ వరుసని మళ్ళీ చదివాను. "ఉంచండి" అన్నాను.

ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్ళాను. మా మరదలు టీ పెట్టింది. వాడు పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటున్నాడు. ఉత్తరం బల్ల మీద పెట్టాను. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడు.

"నీకు చెబితే తిడతావని చెప్పలేదక్కా."

"ఎందుకురా? నీకు జరిగింది చాలదా? మళ్ళీ వెళ్ళి టికెట్టు కొనుక్కుని చూడాలా?"

వాడు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "ఆ సినిమాల్లో ఎవణ్ణయినా కొడితే కెమెరా వాడి మొహం మీదే ఉంటుందక్కా. పక్కకి పోదు. ఆ రోజు బజార్లో నలభైమంది ఉన్నారు. నలభైమందీ అటు తిరిగారు."

"నేను రాలేదూ? నేను అటు తిరిగానా?"

"నువ్వు వచ్చావు. వచ్చి 'ఏం కాలేదు లేరా' అన్నావు."

నేను ఆ ఉత్తరాన్ని మడత పెట్టాను. వాడే మళ్ళీ అన్నాడు, నన్ను తేలిక చెయ్యడానికే కాబోలు, "అన్నీ దానికోసమే అనుకోకు. ఒకడు మడతకుర్చీ పట్టుకుని పదిమందిని తరుముతుంటే భలే సరదాగా ఉంటుంది. హాలంతా ఒక్కసారి 'అబ్బా' అంటుంది చూడు, ఆ 'అబ్బా'లో నేనూ ఉంటాను. అది బావుంటుంది."

ఆ రోజు మేము మూడేళ్ళనాటి సంగతి మొదటిసారి మొదటి నుంచి చివరిదాకా చెప్పుకున్నాం. వాడు చెప్పాడు, నేను అటు తిరక్కుండా విన్నాను. మా మరదలికి కూడా సగం సంగతులు అప్పుడే తెలిశాయి.

ఇక గురువారం విచారణ. డైరెక్టరుగారూ, ఆ రోజు మీరు మాస్టారిని "ఈ హింసలో జనానికి ఏం ఆకర్షణ ఉందో పది నిమిషాల్లో చెప్పండి" అన్నారు. ఈయన చేతులు జేబుల్లో పెట్టుకుని ఏమన్నారో నేను కాగితం మీద రాసుకున్నాను. వృత్తి అలాంటిది.

"నాకు పూర్తిగా తెలీదు సార్. నేను చాలా భయస్తుణ్ణి. భయపడేవాళ్ళే ఇవి ఎక్కువ చూస్తారని నా అనుమానం. మంచం కింద ఏముందో చూద్దాం రమ్మని పిల్లలు మన చెయ్యి పట్టుకుని లాగుతారే, అలా. హాల్లో పక్కన మనిషి ఉంటాడు. కాసేపట్లో లైట్లు వేస్తారని తెలుసు. ఆ ధైర్యంతో చూస్తాం. మంచి సినిమా అయితే దెబ్బకి బరువుంటుంది సార్, తగిలినవాడికి నొప్పి పుడుతుంది. మామూలు సినిమాల్లో వందమంది పడిపోతారు, ఒక్కడికీ నొప్పి ఉండదు. నాకు వాటిని చూస్తేనే ఎక్కువ భయం. కానీ కొన్ని వట్టి చెత్త సార్. ఆడవాళ్ళని ఏడిపించడమే తమాషాగా చూపించేవి ఉన్నాయి. అవి రాసిన వారం నాకు అన్నం సయించదు. మేడమ్ అర్జీలో వాటి గురించి రాసిన మూడో పేజీ ఉంది చూశారూ, దాన్ని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను."

ప్రతివాది లేచి నా అర్జీని సమర్థించాడు! అప్పుడు ఫిర్యాదీ లేచి "ఒకటి, రెండు, నాలుగు పేజీలు వెనక్కి తీసుకుంటున్నాను" అంది. డైరెక్టరుగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ ముందే మాట్లాడుకుని రావచ్చుగా, నా మధ్యాహ్నం పాడుచేశారు" అన్నారు. (నవ్వులు) అన్నారా లేదా సార్? అన్నారు. తర్వాత, ఏ సినిమా తీసుకోవాలో ఏది తిప్పి పంపాలో ఇకమీదట మేమిద్దరం కూర్చుని తేల్చుకోవాలని ఉత్తర్వు ఇచ్చారు.

ఆ శనివారం తమ్ముడి పక్కన కూర్చుని మొదటిసారి హాల్లో చూశాను. సగం సినిమా వేళ్ళ సందుల్లోంచి చూశానని ఒప్పుకుంటాను. మిగతా సగం జనాన్ని చూశాను. రాక్షసులు ఉంటారనుకున్నాను గదా. ముందు వరుసలో పోస్టాఫీసు ఉద్యోగి ఒకాయన కాళ్ళు పైకి పెట్టుకుని ముడుచుకున్నాడు. ఒక రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ హ్యాండుబ్యాగు మొహానికి అడ్డం పెట్టుకుని, దాని పైనుంచి తొంగిచూస్తోంది. ఆవిడ ఇవాళ వచ్చారు, అదిగో. (నవ్వులు) కత్తి దిగబోతుంటే అందరి భుజాలూ ఒక్కసారి పైకి లేచాయి. నావీ లేచాయి. లైట్లు వెలిగాక ఒకరి మొహాలొకరు చూసుకుని సిగ్గుపడుతూ నవ్వుకున్నారు. ఆ రేవు సీను వచ్చినప్పుడు మాత్రం తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. తెర కింద ఆ వరుస వచ్చింది. వాడు పెదవులు కదుపుతూ చదివాడు. హాల్లో ఎవరూ అటు తిరగలేదు.

ఎనిమిదేళ్ళు మేమిద్దరం కలిసి సినిమాలు ఎంచాం. ఎన్ని పోట్లాటలో! ఆయన ఇష్టపడి తెచ్చినవి ఇరవై ఆరు తిప్పి పంపాను. ప్రతిసారీ "మీ ఇష్టమమ్మా" అని, వారం రోజులు నాతో వాతావరణం గురించి తప్ప మాట్లాడేవారు కాదు. ఇప్పటికీ ఆ సినిమాలంటే నాకు ప్రేమ పుట్టలేదు. అబద్ధం చెప్పి మిమ్మల్ని సాగనంపలేను మాస్టారూ. వాటిని చూసేవాళ్ళంటే మాత్రం నాకు ఇప్పుడు కోపం లేదు.

మొన్న ఆయన సొరుగులు సర్దుకుంటుంటే, ఇన్నేళ్ళూ అడగనిది అడిగాను. "మీకు రబ్బరు పట్టీ చూస్తేనే కళ్ళు తిరుగుతాయి గదా, ఈ టేబుల్ ఎందుకు కావాలనుకున్నారు మాస్టారూ?"

"నేనెక్కడ కావాలన్నానమ్మా. చేరినరోజు ఇదొక్కటే ఖాళీగా ఉంది. రెండు నెలల్లో మార్పించుకుందామనుకున్నాను. ఈలోగా ఉత్తరాలు మొదలయ్యాయి. ఎవరో నాకు తెలియనివాళ్ళు, ఇంట్లోవాళ్ళకి చెప్పుకోలేనివి నాకు రాస్తున్నారు. ఇంక ఎలా లేస్తాను?"

వదినగారూ, మీ ఆయన ఇంటికి రావడం ఆలస్యమైన ప్రతి శనివారం ఎక్కడున్నారో ఇప్పుడు తెలిసిందిగా. ఉత్తరాలకి జవాబులు రాస్తున్నారు. పేర్లు లేని ఉత్తరాలకి జవాబు ఎలా పంపుతారనుకుంటున్నారా? కుర్చీ నంబరు చూసి, మరుసటి శనివారం ఆ కుర్చీ చేతికి అంటించి వచ్చేవారు. మా తమ్ముడి దగ్గర అలాంటివి పన్నెండున్నాయి. ఇవాళ వాడు హాల్లోనే ఉన్నాడు. నిలబడరా. సిగ్గుపడకు, నిలబడు. మాస్టారూ, ఇన్నేళ్ళూ ఇద్దరూ మొహమాటపడి కలవకుండా తప్పించుకున్నారు గదా, ఇదిగో మీ ప్రేక్షకుడు. (చప్పట్లు)

వద్దు మాస్టారూ, మీరు దిగి రావద్దు, వాడే వస్తాడు… సరే, ఇద్దరూ మధ్యలో కలుసుకున్నారు. కానివ్వండి, నేను ఆగుతాను.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన సోమవారం డైరెక్టరుగారు ఈ టేబుల్ ఎవరు తీసుకుంటారని మీటింగులో అడిగితే, అందరూ పైకప్పు ఫ్యాను వైపు చూశారు. నేను చెయ్యెత్తాను. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది నేనే. ఇవాళ పొద్దున ఉత్తర్వు వచ్చింది. మొదటి సినిమా టేబుల్ మీదికి వచ్చి కూర్చుంది కూడా, ఇండొనేసియాది, రెండు గంటల పది నిమిషాలు, అందులో మాటలున్నవి ఇరవై నిమిషాలు. మిగతాదంతా అరుపులే. ఉత్తరాల పెట్టె తాళంచెవి మాస్టారు ఇందాక మెట్ల దగ్గర నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. శనివారం తెరుస్తాను మాస్టారూ. ప్రతిదీ చదువుతాను. ఎవరికీ "ఏం కాలేదు లే" అని రాయను.

ఓపికగా విన్న మీకందరికీ, మాట్లాడనిచ్చిన డైరెక్టరుగారికి, ఈ మనిషిని ఇరవై ఏడేళ్ళు మాకు అరువిచ్చిన వదినగారికి కృతజ్ఞతలు. మాస్టారూ, హాయిగా ఇంటికి వెళ్ళండి. మీ దగ్గర్నుంచి నాకూ, నా దగ్గర్నుంచి మీకూ, ఇక సెలవు.